అడిక్‌మెట్ జాగీర్దారిణి.. ఆటపాటల గురువమ్మ
రెండు శతాబ్దాల నాడే 300 మంది బాలికలకు కళాశిక్షణ ఇప్పించిన మహలఖా బాయి చందా

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయం పేరు చెప్పగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గుర్తుకు వస్తాడు. ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడితే బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరు తలచుకుంటారు. ఆ భవనానికి పునాదిరాయి పడటానికి నూరేళ్లకు పైబడి ముందు ఆ నేల ఎవరిదని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తక్కువ. అడిక్‌మెట్ జాగీరుగా పిలిచిన ఆ భూమి ఒక స్త్రీ అధీనంలో ఉండేది. ఆమె నర్తకి, గాయని, కవయిత్రి. రెండో నిజాం కొలువులో ఉమ్రావుల సరసన ఆసనం పొందిన మహిళ. ఉపాధ్యాయులను జీతమిచ్చి నియమించి వందలాది బాలికలకు ఆట, పాట, అభినయం నేర్పించిన గురువమ్మ. ఆమె పేరు మహలఖా బాయి. కలం పేరు చందా.

చరిత్ర పుస్తకాలు చాలాకాలం ఆమెను ఒక అందగత్తెగానూ, ప్రభువుల మనసు దోచిన నర్తకిగానూ మాత్రమే చూపుతూ వచ్చాయి. ఆమె నడిపిన శిక్షణాలయం గురించి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టాయి. నిజానికి ఆమె జీవితంలో ఎక్కువ కాలం నిలిచిన పని అదే. అందం గురించి రాసిన మస్నవీలు గ్రంథాలయాల బీరువాలకు చేరాయి. ఆమె ఇంట పాఠం నేర్చిన బాలికల ద్వారా ఆ విద్య హైదరాబాద్ నగరంలో మరికొన్ని తరాలు సాగింది.

భగతియాల బిడారంలో తల్లి

మహలఖా కథ ఆమె పుట్టుకతో మొదలు కాదు. ఆమె అమ్మమ్మతో మొదలవుతుంది. ఆ అమ్మమ్మ పేరు కూడా చందా బీబీయే. గుజరాత్‌లో గౌరవంగా బతికిన కుటుంబం అది. ఇంటి యజమాని ప్రభుత్వ సొమ్ము వ్యవహారంలో చిక్కుకుని పరారీ కావడంతో భార్యాబిడ్డలు వీధిన పడ్డారు. పిల్లలను వెంటబెట్టుకుని ఆ ఇల్లాలు ఊరు విడిచింది. రాజస్థాన్ ప్రాంతంలోని దేవళియా చేరేసరికి వారికి చేతిలో కాసు లేదు, నిలువ నీడ లేదు. అక్కడ వారిని ఆదుకున్నది కులపెద్దలు కాదు, ధనవంతులు కాదు. ఊరూరా తిరిగి ఆటలాడుకునే భగతియాలు.

భగతియాలంటే తెలుగు పాఠకులకు సులువుగా అర్థమయ్యేటట్టు చెప్పాలంటే వీధి భాగవతుల వంటివారు. భక్తికథలను పాడుతూ, వేషాలు కట్టి, అనుకరణతో జనాన్ని రంజింపజేసే బృందాలవి. అక్బరు కాలంలోనే వారు ప్రసిద్ధులు. అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో వారి వేషధారణను, అనుకరణ నైపుణ్యాన్ని, రాత్రివేళ సాగే వారి ప్రదర్శనలను ప్రస్తావించాడు. మన పల్లెల్లో ఊరి నడుమ పందిరి వేసి, దివిటీల వెలుతురులో తెల్లవార్లూ ఆడిన భాగవతాలకు ఉత్తరాది దాయాదులన్నమాట. కూచిపూడి భాగవతులకు గోల్కొండ తానీషా అగ్రహారం ఇచ్చాడన్న ఐతిహ్యం మనకు ఉంది. అటువంటి ఆదరణ దొరికిన బృందాలు కొన్నే. తక్కిన వారికి ఎండావానలే తోడు.

ఆ బిడారంలో చందా బీబీ కుమార్తెలు ఆటా పాటా నేర్చారు. ఆ నేర్పు వినోదం కోసం కాదు, పూట గడవడం కోసం. వారిలో ఒకరు తరువాత రాజ్ కున్వర్‌గా పేరు పొందింది. దేవళియా పాలకుడి ప్రాపకం ఆమెకు కొంతకాలం దక్కింది. మెహతాబ్ అనే కూతురు పుట్టింది. అంతఃపుర కలహాలు ఆ నీడను కూడా నిలవనివ్వలేదు. మళ్లీ ప్రయాణం. బుర్హాన్‌పూర్ మీదుగా దక్షిణాదికి నడక. ఔరంగాబాద్‌లో ఆసఫ్‌జాహీల కొలువు పరిసరాలకు చేరేసరికి రాజ్ కున్వర్ పేరున్న కళాకారిణి. ఢిల్లీ మొగలు దర్బారులో మన్సబుదారుగా పనిచేసిన బహదూర్ ఖాన్‌తో ఆమెకు పరిచయం కలిగింది. వారి బిడ్డగా 1768లో మహలఖా జన్మించింది. అమ్మమ్మ పేరే పెట్టి ఆ శిశువును చందా అని పిలిచారు.

ఈ వంశచరిత్ర నేడు మనకు తెలియడానికి కారణం మహలఖాయే. తన జీవితకాలంలోనే గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్ అనే పండితుని చేత ఫార్సీలో ఒక చరిత్ర గ్రంథం రాయించింది. అమ్మమ్మ దారిద్య్రాన్ని, తల్లి వీధి ఆటలను అందులో దాచిపెట్టనివ్వలేదు. కొలువులో పదవి వచ్చిన తరువాత పాత గుడిసెను మరచిపోయేవారికి ఏ కాలంలోనూ కొదువ లేదు. ఆమె ఆ బాట పట్టకపోవడం గమనించదగినది.

మౌలాలీ మొక్కు

చందా కడుపులో ఉండగా రాజ్ కున్వర్ మౌలాలీ కొండ దర్శనానికి వెళ్లిందని, అక్కడ గర్భానికి ప్రమాదం ఏర్పడిందని, కొండపై హజ్రత్ అలీ సన్నిధిలో మొక్కుకోగా బిడ్డ దక్కిందని ఒక కథ చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ కథ మహలఖా జీవితాంతం ఆమె వెంట నడిచింది. ఆమె గజళ్ల చివరి ద్విపదలలో మౌలా అలీ స్మరణ తప్పక కనిపిస్తుంది. ఏటా రజబ్ నెలలో జరిగే మౌలాలీ ఉత్సవానికి నగరం నుంచి నిజాం పరివారంతో సహా జనమంతా తరలివెళ్లేవారు. ఆ యాత్రికుల కోసం ఆమె ఎంతో వెచ్చించింది.

అప్పటికి నిజాం అలీఖాన్ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మార్చి ఎంతోకాలం కాలేదు. కొలువుతోపాటు సైనికులు, వర్తకులు, కవులు, కళాకారులు మూసీ తీరానికి వచ్చి చేరారు. చందా అక్క మెహతాబ్‌ను దివాను రుక్నుద్దౌలా చేపట్టాడు. వారికి సంతానం లేకపోవడంతో చెల్లెలినే బిడ్డగా పెంచుకున్నారు. ఆ విధంగా భగతియాల బిడారంలో బతుకు నేర్చిన స్త్రీ కూతురు రాజ్యానికి ప్రధానమంత్రి ఇంట పెరిగింది. ఫార్సీ, ఉర్దూ చదివింది. గుర్రపుస్వారీ, విలువిద్య, ఈటె విసరడం అభ్యసించింది. 1775లో రుక్నుద్దౌలా హత్యకు గురయ్యేనాటికి చందాకు ఏడేళ్లు. పెంచిన తండ్రి నీడ తొలగినా చదువు ఆగలేదు.

సంగీతంలో ఆమెకు గురువు ఖుష్‌హాల్ ఖాన్ అనూప్. తాన్‌సేన్ సంప్రదాయానికి చెందిన కళావంతుడు. ఢిల్లీ వైభవం సన్నగిల్లిన తరువాత దక్కన్‌కు వచ్చిన విద్వాంసులలో ఒకడు. రాగాల స్వరూపాన్ని వివరిస్తూ గ్రంథాలు రచించినవాడు. ఖయాల్, ఠుమ్రీ, టప్పా, గజల్ గానాలలో చందా ఆరితేరింది. తల్లి నుంచి వచ్చిన అభినయం, ఉస్తాద్ నుంచి వచ్చిన శాస్త్రం ఆమెలో కలిశాయి. వీధి ఆటకు, దర్బారు పాటకు మధ్య ఉన్న గోడ ఆమె విషయంలో కూలిపోయింది.

ఇంటి ముంగిట పాఠశాల

పేరు ప్రతిష్ఠలు వచ్చిన కళాకారిణికి శిష్యురాళ్లు ఉండటం ఆ కాలంలో వింత కాదు. ఒకరిద్దరు బాలికలను దత్తు చేసుకుని విద్య నేర్పి, వృద్ధాప్యంలో వారిపై ఆధారపడటం నర్తకీమణుల ఇళ్లలో ఆచారమే. మహలఖా ఆ హద్దు దాటింది. పేరుపొందిన ఉపాధ్యాయులను నియమించి 300 మంది బాలికలకు నృత్యగీతాలలో శిక్షణ ఇప్పించింది. 18వ శతాబ్దం చివరలో, ఆడపిల్లల బడి అన్న మాటే ఈ ప్రాంతంలో వినబడని రోజుల్లో, అంతమందిని ఒక్కచోట చేర్చి విద్య చెప్పించడం సామాన్యమైన పని కాదు. అన్నవస్త్రాలు, వసతి, ఉస్తాదుల జీతాలు, వాద్యకారుల వేతనాలు.. ఇవన్నీ జాగీర్ల ఆదాయం నుంచే రావాలి. అడిక్‌మెట్ నేల పంటలో కొంత ఈ రూపంలో ఖర్చయిందని చెప్పుకోవచ్చు.

ఆ చదువు ఎటువంటిదో ఊహించుకోవాలంటే నేటి పాఠశాల వార్షికోత్సవంలో ఐదు నిమిషాల నాటికను మనసులో పెట్టుకోకూడదు. నాటి దక్కన్ కొలువుల్లో నర్తకి కావలసిన బాలిక ముందుగా వినడం నేర్చేది. సారంగి శ్రుతికి చెవి అలవాటు కావాలి. తరువాత స్వరసాధన, తెల్లవారుజామున గొంతు సాధకం. పాదాలకు తబలా బోలు పట్టుబడే వరకు గజ్జె కట్టనిచ్చేవారు కాదు. ఇంతవరకు శరీరానికి చదువు. అసలు కష్టం ఆ తరువాత వచ్చేది.

కవిత్వాన్ని నోటితో చెప్పడం ఒక విద్య. ఉర్దూలో, ఫార్సీలో ఒకేలా వినిపించే అక్షరాలకు పలుకుబడిలో సూక్ష్మమైన తేడాలుంటాయి. ఖకారం గొంతు నుంచి వస్తే ఒక అర్థం, నాలుక మొదటి నుంచి వస్తే మరొక అర్థం. అవి దొర్లితే సభ నవ్వుతుంది. అందువల్ల పిల్లలకు ముందు మాట నేర్పేవారు, తరువాత అర్థం, ఆపైన భావం. ఒకే పాదాన్ని మళ్లీమళ్లీ పాడుతూ ప్రతిసారీ కళ్లతో, కనుబొమలతో, చేతివేళ్లతో కొత్త అర్థం చూపించాలి. ఒకసారి అలక, ఒకసారి వేడుకోలు, ఒకసారి ఎత్తిపొడుపు, ఇంకొకసారి దైవప్రార్థన. కూర్చున్న చోటునుంచి కదలకుండానే ఒక నాటకమంతా ఆడాలి. క్షేత్రయ్య పదాలను మన తెలుగు కళావంతుల ఇళ్లలో ఇదే పద్ధతిలో నేర్పేవారు. ఒక పల్లవికి పదుల సంఖ్యలో సంచారీ భావాలు పట్టిన వృద్ధ కళాకారిణులు కోనసీమలో ఇరవయ్యో శతాబ్దం దాకా ఉన్నారు. భాష వేరు, బాణీ వేరు, పాఠం చెప్పే తీరు మాత్రం అక్కచెల్లెళ్లదే.

దీనికి తోడు సభామర్యాద అనే చదువు ఒకటి. ఎవరి ముందు ఎంతవరకు వంగాలి, ఎవరి ప్రశంసకు ఎలా జవాబివ్వాలి, పాట మధ్యలో సభలో ఎవరైనా లేస్తే ఏం చేయాలి.. ఇవన్నీ పాఠాలే. నగరంలోని ఉన్నత కుటుంబాల వారు మాటల పొందిక కోసం ఈ ఇళ్ల వైపు చూసేవారన్నది ఆనాటి లోకవిదితం.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. ఆ కాలపు నర్తకీ గృహాలకు బాలికలు తమ ఇష్టంతో వచ్చేవారు కాదు. కరువు వచ్చినప్పుడు, అప్పు తీరనప్పుడు, తల్లిదండ్రులు గతించినప్పుడు ఆడపిల్లలు ఆ గడప తొక్కేవారు. నేర్చిన విద్య వారికి అన్నం పెట్టేది, అదే విద్య వివాహ జీవితాన్ని దూరం చేసేది. మహలఖా కూడా పెళ్లి లేని జీవితమే గడిపింది. ఆమెకు ముందు రెండు తరాల ఆడవాళ్లు ఆ దారి కష్టం అనుభవించినవారే. దిక్కులేని బాలికలకు ఆమె ఇంటి తలుపు తెరిచి ఉండటాన్ని, చివరకు ఆస్తిని సైతం నిరాశ్రయ స్త్రీలకే రాసి ఇవ్వడాన్ని ఈ వెలుగులో చూస్తే ఆమె మనసు అర్థమవుతుంది. దేవళియాలో తన అమ్మమ్మకు దొరికింది కూడా ఇటువంటి నీడే కదా.

కొలువులో ఉమ్రావు, దండులో అశ్వికురాలు

నిజాం అలీఖాన్ దండు కదిలితే మహలఖా వెంట ఉండేది. మగవేషం ధరించి, విల్లు ధరించి మూడు దండయాత్రలలో పాల్గొందని చరిత్రకారులు పేర్కొంటారు. రాజ్యవ్యవహారాలపై ఆమె సలహాను నిజాం మన్నించేవాడు. మహలఖా అన్నది ఆయన ఇచ్చిన బిరుదే. చంద్రముఖి అని దాని అర్థం. చందా అన్న పుట్టుపేరుకు అది రాజముద్ర వంటిది. ఆమెను ఉమ్రావుల వర్గంలో చేర్చారు. ఆ గౌరవం ప్రకారం ఆమె బయలుదేరితే 500 మంది సైనికులు వెంట నడిచేవారు. వేర్వేరు సందర్భాలలో జాగీర్లు దక్కాయి. వాటిలోనిదే అడిక్‌మెట్.

ఈ జాగీరు ఉన్న చోటును ఒకసారి గమనించాలి. పాత నగరం నుంచి మౌలాలీ కొండకు వెళ్లే మార్గంలో అడిక్‌మెట్, నేటి తార్నాక, లాలాగూడ వరుసగా వస్తాయి. యాత్రికుల బాట ఆమె భూముల దాపునే సాగేది. తార్నాక అన్న పేరు తీగకంచె, కాపలా నాకా ఉన్న చోటు అన్న అర్థంలో తరువాతి కాలంలో ఏర్పడిందని చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే చౌకీ. తోటలు, చెరువులు, బండరాళ్లు తప్ప ఇళ్లు లేని ప్రదేశం అది. నేడు ఆ చౌరస్తాలో ఒక్క క్షణం నిలబడితే అది నమ్మశక్యం కాదు.

మహలఖా సన్నిహితులలో మీర్ ఆలం ముఖ్యుడు. తరువాత ప్రధానమంత్రి అయిన ఈ పండితుడు ఆమెను వర్ణిస్తూ మస్నవీ రాశాడు. మరాఠా సర్దారు రాజా రావు రంభా, ఆపై కాలంలో పేష్కారుగా పెత్తనం చేసిన మహారాజా చందూలాల్ ఆమె కళను ఆదరించారు. చందూలాల్ స్వయంగా కవి. 1803లో నిజాం అలీఖాన్ మరణించి సికందర్ జా గద్దెనెక్కిన తరువాత కూడా ఆమె గౌరవానికి లోటు రాలేదు. ప్రభువు మారితే ఆశ్రితులు మారిపోయే కొలువులో ఇది అరుదు.

నృత్యం నడుమ కానుక

1798లో మహలఖా తన గజళ్లను దివానుగా కూర్చింది. 125 గజళ్లు, ఒక్కొక్క దానికి ఐదేసి ద్విపదలు. ఉర్దూలో దివాను కూర్చిన తొలి మహిళ ఆమేనని చాలాకాలం భావించారు. దక్కన్‌కే చెందిన లుత్ఫున్నీసా ఇంతియాజ్ దివాను 1797 నాటిదని తరువాత తేలింది. ఒక్క సంవత్సరం తేడాతో మొదటి స్థానం చేజారింది. ఇద్దరూ దక్కన్ మహిళలే కావడం మనకు గర్వకారణం.

1799 అక్టోబరు 1న మీర్ ఆలం ఇంట జరిగిన విందులో ఒక ఘటన చోటు చేసుకుంది. శ్రీరంగపట్నం పతనమై కొన్ని నెలలే అయింది. హైదరాబాద్ కొలువులో ఇంగ్లీషు వారి ప్రాబల్యం పెరుగుతున్న సమయం. ఆనాటి ప్రధాన నర్తకి మహలఖా. సభలో కెప్టెన్ జాన్ మాల్కం ఉన్నాడు. నృత్యం సాగుతుండగానే ఆమె తన దివాను ప్రతిని ఆయనకు నజరుగా సమర్పించింది. నర్తకికి అతిథి కానుక ఇవ్వడం ఆనవాయితీ. ఇక్కడ నర్తకియే అతిథికి కానుక ఇచ్చింది, అదీ తాను రచించిన పుస్తకం. తాను కేవలం ఆడేదాన్ని కాదని, రాసేదాన్నని నిండు సభలో చెప్పిన తీరు అది. ఇటువంటి సన్నివేశాన్ని ఏ నాటకకర్తా ఇంతకన్న బాగా కల్పించలేడు. ఆ ప్రతి సముద్రాలు దాటి లండన్ చేరింది. నేడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆమె రచనలు గుల్జారే మహలఖా పేరిట ఆమె మరణించిన 1824లో వెలుగు చూశాయి.

సరిగ్గా ఈ శతాబ్దంలోనే తంజావూరులో మరాఠా రాజు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని తెలుగులో రాధికా సాంత్వనం రచించింది. ఆమె కూడా నాట్యగత్తె, ఆమె కూడా పండితురాలు. ఆ కావ్యాన్ని 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి ప్రకటిస్తే ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన కాలంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. మహలఖా పుస్తకాన్ని ఎవరూ నిషేధించలేదు. తెలుగువారు ఆమె పేరు మరచిపోయారు, అంతే.

చరిత్ర చేసిన తమాషా

పందొమ్మిదో శతాబ్దం చివరకు వచ్చేసరికి గాలి మారింది. భోగం మేళాలకు వ్యతిరేకంగా సంఘ సంస్కర్తలు ఉద్యమించారు. తెలుగునాట కందుకూరి వీరేశలింగం పంతులు అందులో అగ్రగామి. ఆ దురాచారంలో నలిగిన స్త్రీల మేలు కోరి సాగిన ఉద్యమమే అయినా, దానితో పాటు ఆడపిల్ల రంగం మీద నిలబడటమే తప్పన్న భావం పాతుకుపోయింది. ఫలితంగా ఆధునిక తెలుగు నాటకం పుట్టిన తొలి దశాబ్దాలలో చిత్రాంగి వేషానికి, చింతామణి వేషానికి మగవారే చీరలు కట్టవలసి వచ్చింది. స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీ పాత్రలలో జీవించి చూపిన మాట నిజమే. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని బళ్లారి రాఘవ వాదించేసరికి ఇరవయ్యో శతాబ్దం చాలా దూరం నడిచింది. ఒకప్పుడు 300 మంది బాలికలు ఒక్క చోట అభినయం నేర్చిన నగరంలో, నూరేళ్ల తరువాత రంగస్థలానికి ఆడపిల్ల దొరకడమే గగనమైంది.

నాటకం బడికి తిరిగి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. బాలల కార్యక్రమాలతో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతులు చేసిన కృషి ఆ దిశలో పెద్ద మలుపు. పదో తరగతి వరకు కళలను, అందులో భాగంగా నాటకాన్ని, పాఠ్యవిషయంగా చూడాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లో సూచించింది. 2015లో ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం కళా ఉత్సవ్ ప్రారంభమైంది. అయినా పరీక్షలు దగ్గరపడగానే ముందుగా రద్దయ్యే పీరియడ్ ఏదో ప్రతి విద్యార్థికీ తెలుసు.

జాగీరు పోయి ప్రాంగణం వచ్చె

1824లో మహలఖా కన్నుమూసింది. భూములు, బంగారు వెండి వస్తువులు, రత్నాభరణాలు నిరాశ్రయ మహిళలకు చెందేటట్టు రాసిపెట్టి పోయింది. దాదాపు శతాబ్దం గడిచాక, 1918లో ఏడో నిజాం ఉర్దూ మాధ్యమంగా విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు. తొలుత నగరంలోని అద్దె భవనాలలో తరగతులు నడిచాయి. శాశ్వత ప్రాంగణం కోసం ఎంచుకున్న చోటు అడిక్‌మెట్. 1934లో ఆర్ట్స్ కళాశాలకు శంకుస్థాపన, 1939 డిసెంబరు 4న ప్రారంభోత్సవం జరిగాయి. ఉర్దూలో కవిత్వం చెప్పిన స్త్రీ నేలపైనే ఉర్దూలో ఉన్నతవిద్య బోధించే విశ్వవిద్యాలయం నిలవడం కాకతాళీయమే కావచ్చు. దాన్ని తలచుకునే ఫలకం ఆ రోజుల్లో ఎవరూ పెట్టలేదు.

తరువాత ఆ పరిసరాలన్నీ విద్యాకేంద్రాలయ్యాయి. 1958లో ప్రారంభమైన కేంద్రీయ ఆంగ్ల సంస్థ పెరిగి పెద్దదై 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఆ ప్రాంగణంలోని పాత మెట్లబావి మహలఖా బాయి పేరుతోనే ప్రసిద్ధం. చాలా ఏళ్లు చెత్తాచెదారంతో, ముళ్లపొదలతో నిండి ఉన్న ఆ బావికి ఇటీవలి సంవత్సరాలలో పునరుద్ధరణ భాగ్యం కలిగింది. తార్నాక వైపు జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థలు వెలిశాయి. 2017 నవంబరులో మెట్రో రైలు కూడా వచ్చింది. ఉస్మానియా ఠాగూర్ ఆడిటోరియంలో విద్యార్థులు ఎన్నో నాటకాలు ఆడారు. ఆడపిల్లలు ఏ వెరపూ లేకుండా ఆ వేదిక ఎక్కుతున్నారు. తాము నిలబడిన నేల పూర్వ యజమానురాలి కథ వారికి చెప్పేవారుంటే అది ఒక చక్కని నాటకానికి వస్తువు కాగలదు.

కొండ కింద తల్లీకూతుళ్లు

తార్నాక నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలో మౌలాలీ కొండ ఉంది. తల్లి రాజ్ కున్వర్ మరణించినప్పుడు, 1792లో, మహలఖా ఆ కొండ కింద సమాధి కట్టించింది. చుట్టూ నాలుగు భాగాల చార్‌బాగ్ తోట, మసీదు, ఆషుర్‌ఖానా, బావి ఏర్పాటు చేసింది. ఊరూరా తిరిగి ఆడిన తల్లికి స్థిరమైన చోటు ఏర్పరచిన కూతురు, తన కోసం కూడా ఆ పక్కనే స్థలం ఉంచుకుంది. 1824లో ఆమెను అక్కడే ఖననం చేశారు.

ఆ తోట ఎన్నో దశాబ్దాలు ఆలనాపాలనా లేక పాడుబడింది. నీటి కాలువలు పూడిపోయాయి, గోడల సున్నపు నగిషీలు రాలిపోయాయి. హైదరాబాద్‌లో ఉర్దూ సూఫీ కవిత్వంపై పరిశోధన చేస్తున్న అమెరికన్ పండితుడు స్కాట్ కుగుల్ చొరవతో, అమెరికా రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి సహాయంతో, స్థానిక సంస్థలు 2010లో పనులు చేపట్టాయి. కట్టడానికి మరమ్మతులు చేసి, కాలువలు తవ్వి, తోటను తీర్చిదిద్దారు. 2011 మార్చి 6న ఆ ప్రాంగణాన్ని తిరిగి ప్రారంభించారు. కుగుల్ అనంతరం మహలఖాపైన, ఆమె పుట్టడానికి ముందే గతించిన సిరాజ్ ఔరంగాబాదీపైన కలిపి ఒక గ్రంథం వెలువరించాడు. తల్లి సమాధి, కూతురి సమాధి ఆ తోటలో పక్కపక్కనే ఉన్నాయి.